బోల్టులు కలిసినంత మాత్రాన

డాట్సన్ 240జెడ్ అనే పాత స్పోర్ట్స్ కారు ముందు చక్రాలకి టొయోటా పికప్ ట్రక్కు బ్రేకు కాలిపర్లు, అంటే డిస్కుని నొక్కిపట్టే దవడలు, పట్టేస్తాయి. కోసీ, సాగదీసీ పట్టించడం కాదు. పాతవి విప్పిన చోటే, ఆ బోల్టు రంధ్రాల్లోనే పెట్టి బిగించుకోవచ్చు. కారేమో నిస్సాన్ వాళ్లది. ట్రక్కేమో అదే మార్కెట్లో వాళ్ల గిరాకీ లాక్కోవాలని చూసే ప్రత్యర్థిది. ఒకటి వెయ్యి కిలోలు దాటీ దాటని రెండు సీట్ల షోకు బండి. రెండోది ఇటుకలు, నిచ్చెనలు, దాణా బస్తాలు వేసుకుని మట్టిరోడ్లమీద తిరిగే మోటు బండి. వీటికి చుట్టరికం ఎక్కడ కలిసినట్టు?

ఈ సంగతి నాకు చెప్పింది మా బావ. అక్కని చేసుకుని కాలిఫోర్నియా వెళ్లిపోయిన మనిషి. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని, శనాదివారాలు 1972 మోడల్ 240జెడ్ కింద పడుకుంటాడు. "మన సంబంధాల్లో కూడా ఇన్ని కలవవురా" అన్నాడు ఫోన్లో, కాలిపర్ రంధ్రాల గురించి మురిసిపోతూ. కలిసిన మాట నిజమే. కానీ సంబంధాల్లో కలవడమనేది మొదటి మెట్టు. అసలు సంగతులు కాపురంలో బయటపడతాయి. ఆ తర్వాత నేను అక్కడికి వెళ్లి ఆ గరాజ్‌లో కూర్చుని చూసిందంతా ఆ కాపురమే.

చుట్టరికం సంగతి ముందు తేల్చేద్దాం. కార్ల కంపెనీలు బ్రేకుల్ని చాలావరకు బయట కొనుక్కుంటాయి. జపాన్‌లో సుమిటోమో సంస్థ 1960ల్లో బ్రిటన్ కంపెనీ డన్‌లప్ సాంకేతిక సాయంతో డిస్కు బ్రేకులు చేయడం మొదలుపెట్టింది. నిస్సాన్‌కీ అమ్మింది, టొయోటాకీ అమ్మింది. డిస్కు బ్రేకుకి పుట్టిల్లు ఇంగ్లండే. 1902లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంటు తీసుకున్నాడు. అర్ధశతాబ్దం తర్వాత, 1953లో, డన్‌లప్ డిస్కులు వేసుకున్న జాగ్వార్ సి-టైప్ లె మాన్స్ పందెం గెలిచాక గానీ కార్ల ప్రపంచం దాన్ని పట్టించుకోలేదు. ఆ తరం కొలతలే సముద్రాలు దాటి జపాన్ చేరి, అక్కడినుంచి రెండు పోటీ కంపెనీల బళ్ల కిందికి వెళ్లాయి. ఇంకో తమాషా ఏమిటంటే ఇంగ్లండులో పుట్టిన ట్రయంఫ్ టీఆర్6 యజమానులు కూడా ఇప్పుడు ఇవే టొయోటా కాలిపర్లు వెతుక్కుంటున్నారు. మనవడు తాతగారి ఊరు తిరిగొచ్చినట్టుగా అనిపించింది గానీ, బావ ఈ మాట వింటే మళ్లీ సంబంధాల గొడవలోకి దిగుతాడని ఊరుకున్నాను.

240జెడ్ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. జపాన్‌లో దాని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. అమెరికాలో నిస్సాన్ వ్యాపారం చూసిన యుటాకా కటాయామా, అభిమానులు మిస్టర్ కె అని పిలుచుకునే పెద్దమనిషి, ఆ పేరుతో ఇక్కడ ఒక్క కారు కూడా అమ్ముడుపోదని పేరు పలకలు పీకించి 240జెడ్ అని పెట్టించాడు. 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, ధర 3,526 డాలర్లు. ఐరోపా స్పోర్ట్స్ కార్ల పక్కన నిలబెట్టి చూస్తే ఆ ధరకి ఆ కారు రావడం జనం నమ్మలేకపోయారు. కటాయామా 105 ఏళ్లు బతికి 2015లో పోయారు. ఆయన అమ్మించిన కార్లు ఇంకా తిరుగుతున్నాయి. ధర అలా తగ్గాలంటే ఎక్కడో లెక్క చూసుకోవాలి కదా. ముందు చక్రాలకి గాలిసందులు లేని పలచటి డిస్కులు, వెనక డ్రమ్ములు పెట్టారు. ఆ రోజుల టైర్లకి, ఆ రోజుల రోడ్లకి అవి చాలు. బావలాంటి వాళ్లకి చాలవు.

ట్రక్కు కాలిపర్ల కోసం ఇద్దరం తుక్కు యార్డుకి వెళ్లాం. విజయవాడ ఆటోనగర్ చూసిన కళ్లకి ఆ యార్డు వింతగా ఉంది. ఆటోనగర్‌లో విప్పడం కొట్టువాళ్ల పని. ఇక్కడ గేటు దగ్గర రెండు డాలర్లు కట్టి, ఎవరి పనిముట్లు వాళ్లు మోసుకెళ్లి, ఎవరికి కావలసింది వాళ్లు విప్పుకోవాలి. ఆయిలూ పెట్రోలూ ముందే తోడేసిన కార్లని వరసల్లో ఇనుప రిమ్ముల మీద ఎత్తి నిలబెట్టారు. హిలక్స్ అని మనకి తెలిసిన బండిని అమెరికాలో కొన్నాళ్లకి ఏ పేరూ లేకుండా ఉట్టి పికప్ అని అమ్మారు. అలాంటి నాలుగు చక్రాల డ్రైవు పికప్ ఒకటి మూల వరసలో దొరికింది. చక్రం వెనక ఎండిన బురద పెళ్లలు పెళ్లలుగా ఉంది. బావ వైరు బ్రష్షుతో గీకితే పోత ఇనుము మీద ఉబ్బెత్తుగా ఎస్12డబ్ల్యూ అన్న అక్షరాలు బయటపడ్డాయి. ఆ నాలుగక్షరాలు చూసి మా బావ మొహం వెలిగిన వెలుగు నేను వాళ్ల పెళ్లి ఆల్బంలో కూడా చూడలేదు.

విప్పడంలో అసలు గండం బోల్టులు కాదు, కాలిపర్‌లోకి బ్రేక్ ఆయిల్ తెచ్చే సన్న గొట్టానికి ఉన్న 10 మి.మీ. నట్టు. ముప్పై ఏళ్లుగా పట్టుకుపోయి ఉంటుంది. మామూలు స్పానర్ పెట్టి బలవంతం చేస్తే నట్టు అంచులు అరిగి గుండ్రమైపోతుంది, ఇక జన్మలో రాదు. దానికి వేరే స్పానర్ ఉంది. చూడ్డానికి రింగు స్పానరే గానీ గొట్టం దూరేంత సందు ఒక పక్క కోసి ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, టీ తాగేంత సేపు ఆగి, ఒక్క ఊపున కాకుండా అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిపి తీశాడు. నిజానికి ఇంత కష్టపడి తెచ్చిన కాలిపర్లని బావ బండికి వేయలేదు. స్పేర్ పార్టుల షాపులో ఇచ్చి, డిపాజిట్టు తగ్గించుకుని, కొత్త సీళ్లు వేసి బాగుచేసిన వాటిని తెచ్చుకున్నాడు. పాత కాలిపర్ తిరిగిస్తేనే ఆ డబ్బు తగ్గుతుంది, అక్కడి వ్యాపారం అలా నడుస్తుంది. మరి ఎండలో ఈ శ్రమంతా దేనికి బావా అంటే, "యార్డుకి రాకపోతే ఇంట్లో ఉండాలి కదరా" అన్నాడు. 

బాగుచేసిన కాలిపర్ బల్ల మీద పెట్టి వెర్నియర్ తీశాం. ఇక్కడ నాకొక మంచి కనువిప్పు. డాట్సన్ పాత కాలిపర్‌కి డిస్కు చెరో పక్కా ఒక్కో పిస్టన్, మొత్తం రెండు. టొయోటాదానికి చెరో పక్కా రెండేసి, మొత్తం నాలుగు. నాలుగు పిస్టన్ల బ్రేకు అనగానే వినేవాడికి బలం రెట్టింపైనట్టు తోస్తుంది. కొలిస్తే డాట్సన్ పిస్టన్ అడ్డం 54 మి.మీ. టొయోటావి ఒకటి 43కి, ఇంకోటి 34కి వెంట్రుకవాసి తక్కువ. వైశాల్యం లెక్కగడితే డాట్సన్‌ది పక్కకి 23 చదరపు సెంటీమీటర్లకి కొంచెం తక్కువ, టొయోటావి రెండూ కలిపి 23కి కొంచెం ఎక్కువ. తేడా నూటికి రెండో మూడో. పెడల్ మీద అదే కాలు, గొట్టంలో అదే ఒత్తిడి ఉంటే డిస్కుని నొక్కే బలం దాదాపు అంతే. పాస్కల్ సూత్రం పిస్టన్లు ఎన్నని అడగదు, మొత్తం వైశాల్యం ఎంతని అడుగుతుంది.

బావకి ఈ లెక్క ముందే తెలుసట. తెలిసే వేస్తున్నాడు. "అందుకేరా ఇది మంచి మార్పు, పెద్దగా ఏమీ మారదు" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు వేళాకోళంలా వినబడింది. రాత్రి పడుకుని ఆలోచిస్తే అందులో చాలా ఉంది.

కారుని ఆపేది బ్రేకు కాదు, టైరు. బ్రేకు చేసేదల్లా చక్రం తిరగడాన్ని ఆపడం. చక్రం ఆగిన తర్వాత కారు ఆగుతుందా, జారుతుందా అన్నది రబ్బరుకీ తారురోడ్డుకీ మధ్య వ్యవహారం. పాత బ్రేకులతోనే గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతున్నాయంటే, టైరు ఇవ్వగలిగిన పట్టు కంటే బ్రేకు బలం అప్పటికే ఎక్కువుందని అర్థం. అక్కడ ఇంకా పెద్ద కాలిపర్ వేసి ఒరిగేదేమీ లేదు, చక్రం ఇంకొంచెం తేలిగ్గా బిగుసుకుంటుంది, అంతే. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో మంచి టైరుతో, మంచి పొడి రోడ్డుమీద కారు 44 మీటర్లలో ఆగుతుందనుకోండి. గట్టిపడిపోయిన పాత టైరుతో పట్టు అయిదో వంతు తగ్గితే చాలు, అదే కారుకి 55 మీటర్లు కావాలి. కాలు బ్రేకు మీదకి రావడానికి పట్టే ఒక్క సెకనులో ఇంకో 28 మీటర్లు ఎలాగూ పోతాయి. ఈ లెక్కలో కాలిపర్ రంగుకి చోటెక్కడా లేదు.

రంగంటే గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో కారు యాక్సెసరీల షాపుల్లో కాలిపర్ కవర్లని ఎర్రటి ప్లాస్టిక్ తొడుగులు వేలాడుతుంటాయి, పెద్ద ఇటలీ కంపెనీ పేరు రాసి. లోపల డ్రమ్ము బ్రేకు ఉన్నా పైన అది తగిలించుకుని తిరిగే బళ్లు చూశాను. వాటి గురించి చెడుగా ఏమీ అననక్కర్లేదు, ఏమీ చేయవు కాబట్టి ఏ హానీ చేయవు. వేడి తగిలి కరగనంతవరకు.

మరి ట్రక్కు కాలిపర్ వల్ల లాభం ఎక్కడుంది? వేడి దగ్గర. వెయ్యి కిలోల కారు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని గతిజశక్తి 3,86,000 జౌళ్లు. ఆగినప్పుడు అదంతా ఎక్కడికీ పోదు, డిస్కుల్లోకీ ప్యాడ్లలోకీ వేడిగా వెళ్తుంది. ముందు డిస్కులు రెండూ కలిపి 10 కిలోల ఇనుమనుకుని, మూడింట రెండొంతుల వేడి వాటికే పోతుందనుకుంటే, ఒక్కసారి ఆపితే అవి 55 డిగ్రీలకు పైగా వేడెక్కుతాయి. ఊళ్లో ఇదొక లెక్కా? మళ్లీ తొక్కేలోగా చల్లారిపోతాయి. కొండ దిగేటప్పుడు చల్లారే తీరిక ఉండదు. మలుపుకో తొక్కుడు, ప్రతి తొక్కుడుకీ ఇంకొన్ని పదుల డిగ్రీలు. తిరుమల నుంచి దిగే దారిలో ముందు వెళ్లే వ్యాను వెనక కమురు వాసన పీల్చినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గేరు తగ్గించి ఇంజినుతో బండిని పట్టి ఉంచకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే వచ్చే వాసనది. ఒక దశ దాటితే ప్యాడ్ రాపిడి గుణమే తగ్గిపోతుంది. ఎంత తొక్కినా పెడల్ రాయిలా ఉంటుంది గానీ బండి ఆగదు.

ఇంకో రకం కూడా ఉంది, అది ఇంకా భయంకరం. పెడల్ మెత్తగా కిందికి పోతుంది. బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే జరిగేది ఇది. ద్రవాన్ని నొక్కలేం గానీ ఆవిరిని నొక్కగలం, కాబట్టి మన బలమంతా బుడగల్ని నలపడానికే సరిపోతుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ ఆ ఆయిల్‌కి గాలిలోని తేమ పీల్చుకునే గుణం ఉంది. నీరు చేరిన పాత డాట్ 3కి హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కైతే అవే సంఖ్యలు 230, 155. మన దగ్గర బ్రేక్ ఆయిల్ తగ్గితే పోయిస్తారు గానీ, మార్చేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయిదారు వందల రూపాయల ఆయిల్ డబ్బా చేసే మేలు, చాలా సందర్భాల్లో పెద్ద కాలిపర్ చేయదు. 

బావ వేసిన ఎస్12డబ్ల్యూ వెడల్పు కాలిపర్. దాని నోట్లో పాత పన్నెండున్నర మిల్లీమీటర్ల డిస్కు వదులైపోతుంది. అందుకని 300జెడ్ఎక్స్ అనే తర్వాతి తరం కారుది, మధ్యలో గాలిసందులున్న మందపాటి డిస్కు తెచ్చి, హబ్బుకీ దానికీ మధ్య అల్యూమినియం స్పేసర్ పెట్టాడు. వెనకున్న దుమ్మురేకు డిస్కుకి తగులుతుంటే కత్తెరతో కోశాడు. 14 అంగుళాల పాత చక్రం కాలిపర్‌కి రాసుకుంటుంటే టైర్లతో సహా ఎవరో అమ్ముతున్న 15 అంగుళాల పాత చక్రాలు కొన్నాడు. బోల్టులు కలిశాయని మొదలైన వ్యవహారం చూడండి ఎక్కడికి పాకిందో. నాలుగు కార్ల సామాను ఒక చక్రం దగ్గర చేరింది. అన్నీ కుదిరాక ఇనుము ఎక్కువైంది, గాలి ఆడుతోంది, ప్యాడ్ పెద్దదైంది. శాన్ హోసే పక్కన మౌంట్ హామిల్టన్ మీద లిక్ అబ్జర్వేటరీకి వెళ్లే రోడ్డుంది. గుర్రబ్బళ్ల మీద సామాను ఎక్కించాలని 1876లో వాలు తక్కువగా, మెలికలు ఎక్కువగా వేశారు. బావ బ్రేకులకి పరీక్ష అక్కడే. ఇదివరకు దిగేసరికి పెడల్ కిందికి జారేదట. ఇప్పుడు మొదటి మలుపులో ఎలా ఉందో చివరి మలుపులోనూ అలాగే ఉందన్నాడు. ఆగే దూరం తగ్గలేదు గానీ, నమ్మకం అరగలేదు.

ఆ రాత్రి పడుకుని నేను ఆలోచించింది అతను అన్న "పెద్దగా ఏమీ మారదు" గురించి. పిస్టన్ల వైశాల్యం మారకపోవడం అదృష్టం కాదు, ఆ మార్పు నిలబడిందే దానిమీద. అది గణనీయంగా పెరిగి ఉంటే వరసగా ఇంకెన్నో కదిలేవి. పెద్ద పిస్టన్లని ముందుకి తోయడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, పెడల్ లోతుకి పోతుంది. లోతు తగ్గించాలని, పెడల్ తొక్కితే ఆయిల్‌ని గొట్టంలోకి తోసే మాస్టర్ సిలిండర్ మారుస్తారు. జెడ్ కార్ల వాళ్లు 7/8 అంగుళం సిలిండర్ తీసి, 280జెడ్ఎక్స్‌ది 15/16 అంగుళం వేస్తారు. పెడల్ గట్టిపడుతుంది, పైనే పట్టుకుంటుంది, నడిపేవాడు "అబ్బ, బ్రేకు ఎంత బాగుందో" అంటాడు. కానీ లెక్క వేస్తే సిలిండర్ వైశాల్యం 15 శాతం పెరిగింది. కాబట్టి అంతే కాలి బలానికి గొట్టంలో ఒత్తిడి పదమూడు శాతం తగ్గింది. కాలికి బాగున్నది చక్రానికి తగ్గింది. బ్రేకు విషయంలో మన కాలు చెప్పే సాక్ష్యం చాలా తెలివిగా అబద్ధం చెబుతుంది.

అంతకంటే ముఖ్యం ముందు వెనకల వాటా. బ్రేకు వేస్తే కారు బరువు ముందుకి వాలుతుంది, వెనక చక్రాలు తేలికైపోతాయి. అందుకే వెనక బ్రేకు ఎప్పుడూ ముందుదానికంటే బలహీనంగా ఉండాలి. ముందు చక్రాలు మొదట బిగుసుకుంటే కారు తిన్నగా జారుతుంది. స్టీరింగు పనిచేయకపోవచ్చు గానీ ముక్కు ముందుకే ఉంటుంది. వెనకవి మొదట బిగుసుకుంటే తోక తిరిగి ముందుకొస్తుంది. ఈ వాటా పంచినవాడు ఎవరో 1960ల చివర్లో జపాన్‌లో ఒక బల్ల ముందు కూర్చుని, వానలో, ఒంటరి డ్రైవరుతో, వెనక సామానుతో, అరిగిన టైరుతో, బ్రేకు గురించి ఏమీ తెలియని మనిషి తొక్కితే ఏమవుతుందని ఆలోచించి ఉంటాడు. అతని పేరు ఎక్కడా ఉండదు. మనం ఆలోచించకుండా పెడల్ తొక్కగలుగుతున్నామంటే ఆ ఆలోచన అతను చేసిపెట్టాడు కాబట్టే. కాలిపర్ మార్చిన రోజు అతన్ని కుర్చీలోంచి లేపి మనం కూర్చుంటాం. కూర్చోవచ్చు, తప్పేమీ లేదు. కానీ అతను చూసిన కాగితాలన్నీ చూడాలి. చాలామంది కుర్చీ మాత్రమే చూస్తారు.

మా పెదనాన్న ఆటోనగర్‌లో ఒక షెడ్డులో వ్యాన్లకీ జీపులకీ అంబాసిడర్లకీ బ్రేకులు చేసేవారు. డిస్కులు ఆయనకి ఆలస్యంగా పరిచయం. అంబాసిడర్‌కి దశాబ్దాలపాటు నాలుగు చక్రాలకీ డ్రమ్ములే కదా. అరిగిన లైనర్ రివెట్లు తొలిచి తీసి, కొత్త లైనర్ షూ మీద పెట్టి, మధ్యనుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి రివెట్లు కొట్టేవారు. చివరినుంచి కొడితే మధ్యలో లైనర్ ఉబ్బుతుందని. అక్కడ కూడా ఒక బండి సామాను ఇంకో బండికి వేయడం రోజూ ఉండేదే. షోకుకి కాదు, దొరక్క. "దానిది దీనికి పడుద్దండీ" అని కుర్రాళ్లు తెచ్చేవారు. ఆయన పడిందో లేదో చూసేవారు కాదు. "ఆ బండి బరువెంత, దీని బరువెంత?" అని అడిగేవారు. ఏ లెక్కలూ చదువుకోని మనిషి సరిగ్గా అడగవలసింది అడిగేవారు. పని అయ్యాక ఇంజిను ఆపి ఉండగా పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, కాలు నొక్కిపట్టి, అప్పుడు స్టార్ట్ చేయమనేవారు. ఇంజిను అందుకోగానే పెడల్ కాలికింద కొంచెం దిగాలి. దిగితే, కాలి బలానికి బలం కలిపే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకపోతే బండి షెడ్డు దాటేది కాదు, యజమాని ఎంత తొందరపెట్టినా. బావ గరాజ్‌లో అదే చేసి చూపించాను. పెడల్ దిగింది. మీ పెదనాన్నకి అమెరికా వీసా ఇప్పించాల్సిందన్నాడు.

ఇలాంటి మార్పుల్ని ఎవరు తనిఖీ చేస్తారని అడిగాను. ఎవరూ చేయరట. కాలిఫోర్నియాలో మామూలు కార్లకి ఏటేటా భద్రతా తనిఖీ లేదు, పొగ పరీక్ష మాత్రం ఉంది. 1975కీ అంతకుముందుకీ చెందిన కార్లకి ఆ పరీక్ష కూడా మినహాయింపే. అదే జర్మనీలో అయితే బ్రేకుల్లో ఇలాంటి మార్పుని అధికారిక పరీక్షకుడు చూసి కాగితాల్లో ఎక్కించాలి. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. హైదరాబాద్‌లో కేటీఎం డ్యూక్ నుంచి తీసిన బైబ్రే కాలిపర్ పాత పల్సర్‌కి వేసుకునే కుర్రాళ్లు ఈ తీర్పు చదివి ఉండరు. నా మటుకు నాకు పూర్తిగా వద్దనడం అతి, ఎవరూ అడగకపోవడం అంతకంటే అతి అనిపిస్తుంది. పక్క లేనులో పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లేవాడికి మన ప్రయోగం సంగతి తెలియదు కదా.

ఆ కుర్రాళ్లలో మా పక్కింటబ్బాయి ఒకడు. పెద్ద కాలిపర్ వేయించాననీ బ్రేకు ఇంకా స్పాంజిలా ఉందనీ వచ్చాడు. వంగి చూస్తే గాలి తీసే నిపుల్ కిందివైపుకి ఉంది. అసలు బండిలో కాలిపర్ ఉన్న కోణం వేరు, ఇక్కడ అడాప్టర్ ప్లేటు మీద బిగించిన కోణం వేరు. గాలి పైకి పోతుంది, దారి కిందుంది, ఎంతసేపు పంపు చేసినా బుడగ లోపలే కూర్చుంటుంది. కాలిపర్‌ని విప్పి, ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టి, నిపుల్ పైకొచ్చేలా చేత్తో ఎత్తిపట్టుకుని గాలి తీశాం. బ్రేకు గట్టిపడింది. వాడు నన్ను పెద్ద మెకానిక్కు అనుకుని ఇప్పుడు సైలెన్సర్ గురించి అడుగుతున్నాడు.

మా బావ మాత్రం ఆగలేదు. ఇప్పుడు వెనక డ్రమ్ములు తీసేసి 240ఎస్ఎక్స్ అనే ఇంకో నిస్సాన్ కారు డిస్కు కాలిపర్లు వేస్తానంటున్నాడు. హ్యాండ్ బ్రేకు లివరు వాటిలోనే ఉంటుందట, అందుకని. నేను ఫోన్లో వరసగా అడిగాను. హ్యాండ్ బ్రేకు కేబులు అందుతుందా? ముందు వెనకల వాటా సంగతేంటి, సర్దుకునే వాల్వు వేస్తావా? డ్రమ్ముల కోసం గొట్టంలో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటే అది తీస్తావా, లేకపోతే వెనక ప్యాడ్లు డిస్కుని రాసుకుంటూనే ఉంటాయి కదా? అన్నింటికీ జవాబు ఉంది అతని దగ్గర, కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. పెదనాన్న ఉంటే మెచ్చుకునేవారు. చివరికి, చక్రాలతోపాటు వచ్చాయన్నావే, ఆ టైర్లు ఎప్పటివి బావా అన్నాను. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతవి సంవత్సరం, వెళ్లి చూసి రమ్మన్నాను. చాలాసేపటికి లైనులోకి వచ్చి, పదకొండేళ్లవి అన్నాడు. వెనక కాలిపర్లు పక్కన పెట్టి ముందు టైర్లు కొనమన్నాను. కొంటానన్నాడు గానీ గొంతు తగ్గించి ఒక ఇబ్బంది చెప్పాడు. కాలిపర్లయితే తుక్కు ధరకి వస్తాయి, చేతిలో డబ్బుతో అయిపోతుంది. నాలుగు కొత్త టైర్లంటే కార్డు మీద పడుతుంది, ఆ బిల్లు నెలాఖరుకి అక్క చూస్తుంది.